అవశేష వీక్షకుడు

జిల్లా మొత్తంమీద పాత పద్ధతిలో టీవీ చూసేవాడు ఒక్కడే మిగిలాడనీ, అది నేనేననీ నాకు తెలియదు. జీపులో వచ్చి చెబితే తెలిసింది.

మాది తాటిగెడ్డ. బస్టాండు దాటాక కుడిచేతి పక్క నా సైకిల్ షాపు. లోపల బల్లమీద పద్నాలుగు అంగుళాల నలుపు తెలుపు టీవీ. పైకప్పు మీద వెదురు బొంగు, బొంగుకి యాంటెన్నా. గాలివానకి యాంటెన్నా పుల్లలు రెండు ఊడిపోతే పాత సైకిల్ రిమ్ము కట్టాను. అప్పటినుంచి బొమ్మ ఇంకా బాగా వస్తోంది. ఎందుకని ఎవరినీ అడగలేదు. అడిగితే ఆగిపోతుందేమో అని.

ఊరి వెనక చింతకొండ. కొండమీద సర్కారువారి టవరు. అక్కడినుంచి సాయంత్రం ఏడింటికి అరగంట జిల్లా వార్తలు వేస్తారు. ఆ అరగంటకి నా దగ్గరికి ముగ్గురు వస్తారు. భూషణం మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగిపోయాడు. తవిటయ్య బస్సు కండక్టరుగా చేసి దిగిపోయాడు. గున్నమ్మ ఎందులోంచీ దిగిపోలేదు, నా షాపు పక్కనే ఇడ్లీ బండి పెడుతుంది.

ముగ్గురిళ్ళల్లోనూ పెద్ద టీవీలున్నాయి. మిద్దెలమీద డిష్షులున్నాయి. రిమోటు మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. తవిటయ్య ఇంట్లో కోడలి దగ్గరుంది, మాస్టారింట్లో మనవడి దగ్గరుంది, గున్నమ్మ ఇంట్లో చెల్లెలి దగ్గరుంది. అందుకని నా దగ్గరికొస్తారు. టీవీలో ఒక వార్త చెబితే వీళ్ళు నాలుగు చెబుతారు. మాస్టారు ఔనంటే తవిటయ్య కాదంటాడు. ఇద్దర్నీ కలిపి గున్నమ్మ తిడుతుంది. నేను పంక్చరు వేసుకుంటూ వింటాను. ఏడున్నరకి లేచి ఎవరింటికి వాళ్ళు పోతారు. ఇరవై నాలుగు గంటల్లో నాకంటూ ఉన్నది ఆ అరగంటే.

జీపులో వచ్చినాయన పేరు చక్రపాణి. జిల్లా డిజిటల్ పరివర్తనాధికారి. చేతిలో ఫైలు, వెనక డ్రైవరు, డ్రైవరు చేతిలో నల్లపెట్టె.

"ఈ పరికరంలో మీరు ఏం చూస్తారు?" అన్నాడు.

"వార్తలు."

"గాలిలోంచి నేరుగానా?"

పైకి చూపించాను. బయటికెళ్ళి రిమ్మును నాలుగు వైపులనుంచీ ఫోటో తీసి లోపలికొచ్చాడు.

"గాలిలో వచ్చే పాత బొమ్మ అనలాగు. ఈ పెట్టె ద్వారా వచ్చే కొత్త బొమ్మ డిజిటల్. అందరూ దాంట్లోంచి దీంట్లోకి మారారు. తాము మారలేదు. కాబట్టి తాము అవశేష వీక్షకులు."

ఇడ్లీ బండి దగ్గర్నుంచి గున్నమ్మ అంది, "అదేటి బాబూ, రోగమా?"

"కాదమ్మా. పరివర్తనా ప్రక్రియలో మిగిలిపోయిన వర్గం."

"వర్గమంటే ఎందరేటి?"

"ఒకరు."

తర్వాత ఆయన నిలబడే ఫైలు చదివాడు. జిల్లాలో రెండు లక్షల నలభై వేల గృహాలు పరివర్తన చెందాయి. నావల్ల జిల్లా తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది తొమ్మిది తొమ్మిది ఆరు శాతం దగ్గర ఆగిపోయింది. తొమ్మిదులన్నీ హుషారుగానే చదివాడు. ఆరుని మాత్రం గొణిగి ఫైలు మూసేశాడు.

పెట్టె తగిలించబోయారు. పెట్టె తీగకి మూడు రంగుల మూడు కొసలున్నాయి. నా టీవీకి వెనక ఉన్నది ఒకటే కంత. డ్రైవరు చెమటలు పట్టేదాకా చూసి లేచాడు.

"పెట్టెకు తగిన రంధ్రం మీ టీవీకి లేదు," అన్నాడు చక్రపాణి. "లోపం టీవీది."

"మరెలా చూడాలి?"

"పెట్టె అందజేయుట వరకే పథకం. చూచుట లబ్ధిదారుని బాధ్యత."

అప్పుడొక కాగితం తీశాడు. స్వచ్ఛంద వీక్షణ విరమణ పత్రం. ఒక్క వీక్షకుడు మిగిలి ఉన్నా టవరు ఆపరాదని నిబంధన ఉందట. ఆ వీక్షకుడు తనంతట తాను, సంతోషంగా, ఇంక చూడనని రాసివ్వాలి. సంతోషంగా అన్న మాటకింద ఎర్రగీత ఉంది.

నేను చక్రం వంకర తీస్తున్నాను. ఆయన కలం మూత తీసి పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత మూత పెట్టేశాడు. సంతకం పెడితే ఏడింటికి బొమ్మ రాదు. బొమ్మ రాకపోతే వాళ్ళు ముగ్గురూ ఏ వంకతో వస్తారు. అదంతా ఆయనకి చెప్పాలంటే చాలా మాటలు కావాలి.

మర్నాడు పొద్దున్నే కొండ దిగి పట్నాయక్ వచ్చాడు. టవరు ఇంజనీరు. ముప్పై ఏళ్ళుగా కొండమీద ఉన్నాడట. నేను చూడటం అదే మొదలు. ఒక డజను అరటిపళ్ళు బల్లమీద పెట్టి నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఎవరు చూస్తున్నారో తెలీకుండానే ప్రసారం చేశాం గౌరునాయుడు గారూ. ఇప్పుడు తెలిసింది. మీరేనన్నమాట."

"అవును."

"కొండమీద పదకొండు మందిమున్నాం. మీరు చూస్తున్నంతకాలం మేం కొలువులో ఉంటాం. దయచేసి సంతకం పెట్టకండి. మా సేవలో లోపాలుంటే చెప్పండి."

ప్రేక్షకాభిప్రాయ పత్రం తీసి తనే నింపాడు. బొమ్మ బాగుందా. బాగుంది. మాట బాగుందా. బాగుంది. చివర ఇతర అభిప్రాయములు అని ఖాళీ ఉంది. నన్ను చూశాడు. నేను గొలుసుకి నూనె వేస్తున్నాను.

గున్నమ్మ అంది, "కుళాయి సంగతి రాయి బాబూ. రెండ్రోజులకోపాలి వొత్తంది. అదీ బిందె నిండేలోపల ఆగిపోతంది."

"అది ప్రసార విషయం కాదమ్మా."

"టీవీ సూస్తే దాహమేస్తాది. నీళ్ళు నేవు. మరది ఏ విషయం?"

పట్నాయక్ కాసేపు ఆలోచించాడు. వీక్షకుణ్ణి నొప్పించకూడదు. ఇలా రాశాడు: 'వీక్షణ సమయమున వీక్షకునికి దాహము తీరు మార్గము లేదు.'

కాగితం పైకి వెళ్ళింది. పైన వాళ్ళకి కాగితాలు కనపడవట, శాతాలే కనపడతాయట. తాటిగెడ్డ కుళాయిపై నూటికి నూరు శాతం ప్రేక్షకుల అసంతృప్తి అని వాళ్ళకి కనపడింది. అంత అసంతృప్తి వాళ్ళు ఏనాడూ చూడలేదు. నాలుగోనాడు పొద్దున్న కుళాయి తిప్పితే బిందె చేతిలోంచి జారిపోయేంత జోరుగా నీళ్ళొచ్చాయి. ఇక ఆగలేదు.

ఆ సాయంత్రం తవిటయ్య నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"ఒరే గౌరూ, పట్నం బస్సు ఒకటే ఉంది. రెండోది కూడా రాయించరా."

"దానికీ టీవీకీ సంబంధమేంట్రా," అన్నాడు మాస్టారు.

"పట్నమెళ్ళినోడు ఏడింటికి ఇంటికి రానేకపోతే టీవీ ఎలా సూస్తాడు?"

బస్సు వచ్చింది. మాస్టారు రెండురోజులు ఆ తర్కాన్ని తిట్టి, మూడోరోజు హైస్కూలుకి ప్రహరీగోడ రాయించాడు. గోడలేక పశువులు స్కూల్లోకి వస్తున్నాయి, వాటి అరుపులకి వార్తలు వినపడటం లేదు. స్కూలు ఎక్కడో రెండు వీధుల అవతల ఉంది. సాయంత్రం ఏడింటికి ఆ పశువులు వాటి పాకల్లో ఉంటాయి. పట్నాయక్ అదేమీ అడగలేదు. 'శబ్ద కాలుష్యము' అని రాసుకున్నాడు. ఇటుకలు దిగాయి.

కొండమీద కూడా పని పెరిగింది. టెక్నీషియను దుర్భిణీ పెట్టుకుని నా షాపు చూస్తూ ఉండేవాడు. నేను గుమ్మం దగ్గర కూర్చుంటాను కాబట్టి నేనొక్కడినే కనపడతాను. ఒకరోజు ఏడూ పదికి ట్యూబు కోసం ఎదురుషాపుకి వెళ్ళి ఏడూ ఇరవైకి వచ్చాను. ఆ పది నిమిషాలూ జిల్లాలో ప్రేక్షకాదరణ సున్నా. అప్పుడు తెరమీద ఎరువుల గురించి మాట్లాడుతున్న వ్యవసాయాధికారికి సంజాయిషీ నోటీసు వెళ్ళింది. 'మీరు ప్రసంగించుచుండగా జిల్లాలోని యావన్మంది ప్రేక్షకులు లేచి వెళ్ళిపోయిన కారణమేమి?' ఆయన పాపం స్వయంగా షాపుకొచ్చాడు. సైకిల్‌కి గాలి కొట్టించుకుని, ఆ రోజు చెప్పలేకపోయిన మిగతా ఎరువులు కూడా చెప్పి వెళ్ళాడు.

ఆ తర్వాత ఇంకో ఉత్తర్వు వచ్చింది. ప్రేక్షక మహాశయులందరికీ అని నమస్కారం పెట్టడం లేనివాళ్ళకి పెట్టినట్టవుతోంది, అది వృథా ప్రసారం. మర్నాడు వార్తలు చదివే అమ్మాయి చేతులు జోడించింది.

"నమస్కారం గౌరునాయుడు గారూ. జిల్లా వార్తలకు మీకు స్వాగతం."

తవిటయ్య నోట్లో వేరుశనగపప్పు నోట్లోనే ఉండిపోయింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. గున్నమ్మ నన్నూ టీవీనీ మార్చి మార్చి చూసింది.

"బదులు సెప్పు బావా. ఆడపిల్ల దండమెట్టింది."

నేను చెయ్యెత్తాను. కొండమీద దుర్భిణీలో చూశారట. అందరూ చప్పట్లు కొట్టారట.

వాతావరణం కూడా మారింది. కోస్తా, ఉత్తర కోస్తా ఏమీ లేవు. గౌరునాయుడు గారి షాపు పరిసరాల్లో చిరుజల్లులు, రేకు కారే చోట గిన్నె పెట్టుకోవలెను. తర్వాత ఆరోగ్య సూచన. "పొగ తాగడం మీ ఆరోగ్యానికి హానికరం, గౌరునాయుడు గారూ." నేను చుట్ట ఆర్పేశాను. అమ్మాయి ఆగి, చూసి, ముందుకెళ్ళింది. ఆపైన చిన్న కుటుంబం సూచన వచ్చింది. ఇద్దరు పిల్లలతో ఆపమని నాకు డెబ్భై రెండో ఏట చెప్పింది. గున్నమ్మ నవ్వి నవ్వి బెంచీమీంచి లేవలేకపోయింది.

"ఆపీ బావా, ఇంక ఆపీ. సర్కారోల్లు బతిమాలతన్నారు."

చక్రపాణి ఇదంతా వింటూనే ఉన్నాడు. ఆయన శాతం ఆరు దగ్గరే ఉంది. ఒక సాయంత్రం ఏడూ ఐదుకి చెప్పాపెట్టకుండా జీపు వచ్చి ఆగింది. లోపలికొచ్చి తెరముందు కూర్చున్నవాళ్ళని వేలితో లెక్కపెట్టాడు. ఫైలు తీశాడు.

"బెవర తవిటయ్య. పెట్టె తీసుకుని సంతకం చేశారు. భూషణరావు, విశ్రాంత ఉపాధ్యాయులు. సంతకం చేశారు. గున్నమ్మ. వేలిముద్ర. ముగ్గురూ ధ్రువీకరింపబడిన డిజిటల్ పౌరులు. ఇక్కడ కూర్చుని అనలాగు చూస్తున్నారు. దీన్ని పునఃపతనం అంటారు."

"నేను పడలేదయ్యా," అన్నాడు మాస్టారు. "బెంచీమీద కూర్చున్నాను."

"పరివర్తన చెందిన పౌరుడు వెనక్కి చూడరాదు."

"నాను టీవీ సూడ్డానికి రానేదు బాబూ," అంది గున్నమ్మ. "ఈల్లని తిట్టుకుందామని వొచ్చినాను."

"తిట్టుకోవచ్చు. అది పథకం పరిధిలోకి రాదు. కానీ కళ్ళు తెరవైపు తిరగరాదు."

రెండురోజులు ముగ్గురూ టీవీకి వీపుపెట్టి కూర్చున్నారు. నాకు ఎదురుగా మూడు మొహాలు. నాకు అదే బాగుంది. మూడోరోజు ఇంకో కాగితం. అనలాగు ప్రసారంలో బొమ్మ సగం, ధ్వని సగం. చెవులు కూడా పరివర్తన చెందినట్టే లెక్క. కాబట్టి రానేకూడదు.

పట్నాయక్ అడ్డుపడతాడనుకున్నాను. కబురు పంపితే వచ్చాడు. తల వంచుకుని నిలబడ్డాడు.

"వాళ్ళని చూస్తున్నట్టు ఒప్పుకుంటే ప్రేక్షకులు నలుగురవుతారు గౌరునాయుడు గారూ. శాతం నలుగురి మీద పడుతుంది. మాస్టారు ఏ విషయానికీ ఒప్పుకునే మనిషి కాదు. ప్రతివారం ఇరవై ఐదు శాతం శాశ్వత వ్యతిరేకత అని నేను పైకెలా పంపను?"

రెండు శాఖలూ ఏకమై సంతకాలు చేసిన మొదటి కాగితం అదేనట. షాపుముందు సున్నంతో గీత గీశారు. గీతమీద బోర్డు పెట్టారు: అనలాగు వీక్షకులకు మాత్రమే, ఏడు నుంచి ఏడున్నర. గీత కాయడానికి హోంగార్డును వేశారు. హోంగార్డు ఇంట్లో కూడా డిష్షు ఉందట. అందుకని అతను టీవీకి వీపుపెట్టి, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేవాడు. నేనేమన్నా పిలిస్తే పలికేవాడు కాదు.

ఏడయ్యేది. నమస్కారం గౌరునాయుడు గారూ అనేది. నేను చెయ్యెత్తేవాడిని. అరగంట అయిపోయేది. అరగంట ఇంత పొడుగుంటుందని నాకు తెలియదు.

గీత గీసిన మూడోరోజు ముఖ్యాంశాల్లో మొదటిది, "గౌరునాయుడు గారు నిన్న నవ్వలేదు." రెండోది, "పరిస్థితిని సమీక్షిస్తున్న ఉన్నతాధికారులు." నాలుగోరోజు సమీక్ష అయిపోయింది. ఏడుకి ఐదు నిమిషాలుండగా కొండమీంచి ముగ్గురు దిగారు. వెనక పట్నాయక్.

"వీరు సహవీక్షకులు. వీళ్ళ ఇళ్ళల్లో అసలు టీవీలే లేవు. కాబట్టి అనలాగూ కాదు, డిజిటలూ కాదు. ఎక్కడైనా కూర్చోవచ్చు. మీకు ఒంటరితనం లేకుండా శాఖ నియమించింది."

జనరేటరు ఆపరేటరు తవిటయ్య చోట కూర్చున్నాడు. స్టోరు గుమస్తా మాస్టారు చోట కూర్చున్నాడు. తోటమాలి అటూఇటూ చూసి గున్నమ్మ చోట కూర్చున్నాడు. ముగ్గురి చేతుల్లోనూ టైపు కొట్టిన కాగితాలున్నాయి. సహవీక్షణ మార్గదర్శకాలు.

మొదటి వార్త అయ్యాక గుమస్తా కాగితం చూసి అన్నాడు, "ఔను, ఇది మంచిదే."

"కాదు," అని చదివాడు జనరేటరు ఆపరేటరు. "కాలం పాడైపోయింది."

పట్నాయక్ దగ్గాడు. తోటమాలి లేచి నిలబడి, భుజంమీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"గౌరునాయుడు గారూ, తమరి అనుమతితో ఒక ఎత్తిపొడుపు."

"కానియ్యండి."

"తమరు, బిగుసుకుపోయిన చైను వంటివారు. నూనె వేసినను తిరగరు."

మిగతా ఇద్దరూ కాగితం ప్రకారం నవ్వారు. తోటమాలి నవ్వలేదు. చేతులు జోడించాడు.

"తప్పైపోయింది బాబూ. రాసిచ్చింది చదివాను. నాకు మొక్కలే తెలుసు."

"పర్వాలేదు," అన్నాను. అతనికి కూడా అరగంట గడవడం కష్టంగానే ఉంది.

ఆ రాత్రి షాపు కట్టేసేటప్పుడే సంతకం పెట్టేద్దామనుకున్నాను. పొద్దున్నకి ఆ మాట ఎలా తెలిసిందో, మాస్టారు వచ్చాడు.

"తొందరపడకురా నాయుడూ. గోడ నడుమెత్తు దాకా లేచింది. ఇంకో రెండు నెలలు నువ్వు టీవీ చూశావంటే పైదాకా అయిపోతుంది. పిల్లల స్కూలు. నా సంగతి వదిలెయ్. నేను ఆ అరగంటా బస్టాండు చుట్టూ నడుస్తున్నాను. ఆరోగ్యానికి మంచిది."

ఆయన నడకలో ఆరోగ్యం ఏమీ కనపడలేదు నాకు.

తర్వాత తవిటయ్య. "బస్సు పోతాది కదరా. ఊరంతా నిన్ను తిడతారు."

"నువ్వు ఏడింటికేం చేస్తున్నావు?"

"రెండో బస్సెక్కి పట్నందాకా ఎల్లి అదే బస్సులో వొచ్చీస్తన్నాను. కండక్టరుకి టిక్కెట్లు కొట్టడం తెలీదు. సెప్తే వినడు."

మధ్యాహ్నం గున్నమ్మ కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. నేను చేతులు కడుక్కుందామని వెళ్ళాను. ఇడ్లీ రేకులు తళతళలాడుతున్నాయి. వాటినే మళ్ళీ నీళ్ళకింద పెట్టింది.

"అవి కడిగినవే," అన్నాను.

"నాకు తెల్దేటి. రేత్రి ఏడుకి ఒకపాలి కడిగీసినాను. ఇంటికాడ సీరియల్ నడస్తాది, నాను మాటాడితే వూరుకోమంటారు. అందుకని గిన్నెలు కడుగుతన్నాను. పొద్దున్న మల్లీ కడుగుతన్నాను. నీల్లకేటి, దండిగా ఉన్నాయి కదా." కుళాయి కట్టేసింది. "బిందె నిండింది బావా. తిట్టడానికి మడిసే నేడు."

నేను షాపుకొచ్చి చక్రపాణికి ఫోను చేయించాను. జీపు ఇరవై నిమిషాల్లో వచ్చింది. మామూలుగా గంట పడుతుంది.

సంతకం పెట్టాను. ఆయన కాగితం అటూఇటూ తిప్పాడు.

"సంతోషంగానే కదా?"

"ఆ."

"అలా చెబితే సరిపోదండీ. సంతోషానికి సాక్షి సంతకం కావాలి."

గున్నమ్మ బండి దగ్గర్నుంచి వచ్చి నా మొహంలోకి వంగి చూసింది. నేను ఊరికే నిలబడ్డాను. "నవ్వు బావా," అంది. "చిన్న కుటుంబం గుర్తు తెచ్చుకో." నవ్వొచ్చింది.

"పళ్ళు కనపడినాయి. రాసుకో బాబూ," అని వేలిముద్ర వేసింది.

ఆదివారం సభ పెట్టారు. హైస్కూలు ఆవరణలో, సగం గోడ పక్కన. నాకు శాలువా కప్పారు. చక్రపాణి మాట్లాడుతూ, ఈ జిల్లా నేటితో సంపూర్ణ పరివర్తన చెందిందనీ, ఆఖరి అవశేషం కూడా సంతోషంగా తొలగిపోయిందనీ అన్నాడు. అవశేషం అన్నప్పుడు నావైపు చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. సగంమందికి టవరుతోపాటు కుళాయి కూడా ఆగుతుందని తెలియదు, తెలిసినవాళ్ళు గట్టిగా కొట్టలేదు.

పట్నాయక్‌ని చూడలేననుకున్నాను. ఆయనే నవ్వుతూ వచ్చాడు. టవరు ఆపేశాక, అది నిజంగా ఆగి ఉన్నదో లేదో రోజూ చూసి రాసేవాళ్ళు కావాలట. ఆపివేత పర్యవేక్షణ కేంద్రం. పదకొండు మందికీ అందులోనే వేశారు. పని కొత్తది కాబట్టి పన్నెండోవాణ్ణి కూడా ఇచ్చారు.

"మీ మేలు మరచిపోం గౌరునాయుడు గారూ," అన్నాడు. "చూస్తున్నవాడు ఒకడే ఉంటే ఎప్పుడు పోతాడోనని భయం. చూడనివాళ్ళకి కొదవ లేదు. ఇక మా కొలువు శాశ్వతం."

ఆ సాయంత్రం ఏడింటికి అమ్మాయి చివరిసారి నమస్కారం పెట్టింది. వార్తలేమీ చదవలేదు. "సెలవండీ," అంది. నేను చెయ్యెత్తాను. తెరమీద తెల్లటి రవ్వలు, సుయ్‌మని చప్పుడు.

సోమవారం పొద్దున్న కుళాయి దగ్గర వరసలో గొడవ మొదలైంది. బుధవారానికి రెండో బస్సు ఆగిపోయింది. గోడ నడుమెత్తులోనే ఉంది. మాస్టారు వెళ్ళి అడిగితే, ఇకమీదట అభిప్రాయాలన్నీ డిజిటల్ పద్ధతిలో పంపుకోవాలన్నారట. ఆయన పంపాడు. వెంటనే జవాబు వచ్చింది. మీ అసంతృప్తి పాయింటు సున్నా సున్నా సున్నా నాలుగు శాతంగా నమోదైనది, ధన్యవాదములు.

టవరు ఆగాక మూడురోజులు ముగ్గురూ ఏడింటికి షాపు గడప తొక్కలేదు. గీత చెరిపేశాను, బోర్డు పీకేశాను. అయినా రాలేదు. బొమ్మ రాని షాపుకి ఎవరొస్తారులే అనుకున్నాను. కోపం కూడా ఉంటుంది. నావల్ల ఊరికి జరిగిన నష్టం చిన్నదేం కాదు.

గురువారం ఏడింటికి అలవాటుకొద్దీ టీవీ పెట్టాను. రవ్వలు. ఒక చక్రం తీసుకుని కూర్చున్నాను. ముందు మాస్టారు వచ్చాడు. పలకరించలేదు. తన చోట కూర్చుని తెరవైపు చూశాడు.

"ఇదేం ఛానల్రా?"

తవిటయ్య గుమ్మంలోంచే అందుకున్నాడు.

"బాగుంది కదా మాస్టారూ. ఎవుల్నీ పేరెట్టి పిలవదు."

"నీకు బస్సు పోయిన బాధ లేదట్రా?"

"ఎందుకు నేదు. ఈడి మొకం సూస్తే మండిపోతంది. అందుకే వొచ్చినాను."

గున్నమ్మ రెండు ఖాళీ బిందెలతో వచ్చి వాటిని నా ముందు ఠంగున పెట్టింది.

"సూడు బావా. సూసుకో. నీ సంతకం సలవ."

మొదలైంది. మాస్టారు గోడ గురించి తిట్టాడు. ఇంకో రెండు నెలలు ఆగలేని మనిషివి, నీకు సమాజం అంటే ఏం తెలుసు అన్నాడు. తవిటయ్య బస్సు గురించి తిట్టాడు. మాస్టారి గోడకంటే తన బస్సే ముఖ్యమన్నాడు. కాదని మాస్టారు తవిటయ్యని తిట్టాడు. మధ్యలో గున్నమ్మ ఇద్దర్నీ తిట్టి, కుళాయి ముందు, మిగతావి తర్వాత అని నావైపు తిరిగింది. నేను పంక్చరు ఎక్కడుందో వెతుకుతూ విన్నాను. ఒకసారి ఏదో చెప్పబోతే ముగ్గురూ కలిసి నువ్వు నోరు మూసుకో అన్నారు.

ఏడున్నర అయింది. గడియారం చూశాను. ఎవరూ లేవలేదు.